రైళ్లు కడిగింది అక్క కాదు

ఆ రోజుల్లో మాకు మురికి అంటే ఒకటే అర్థం, ఎవరో పని ఎగ్గొట్టారని. జెద్దాలో ఒక విల్లాల కాంపౌండ్‌లో నేను ఏసీ మెకానిక్‌గా చేరిన కొత్తలో మా ఫోర్‌మన్ చాచా ప్రతి గదిలోనూ తలుపు పైఅంచు మీద వేలు రాసి, ఆ వేలిని మా ముక్కు ముందు పెట్టి "యే క్యా హై?" అనేవాడు. అది దుమ్మని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా జవాబు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఎడారి అంచున ఉన్న ఊళ్లో ఇంట్లోకి దుమ్ము రాకుండా చూడమనడం చేపను తడవకుండా పెంచమన్నట్టే. కానీ జగిత్యాల పక్క పల్లె నుంచి కొత్తగా దిగిన ఇరవై నాలుగేళ్ల వాడికి అంత తర్కం ఎక్కడిది? కనిపించిన ప్రతిదాన్నీ తుడిచేవాణ్ని. ఈ కథలో నా పాపం మొదలైంది ఆ అలవాటుతోనే.

ఈ కథ మావాళ్లలో చాలామందికి తెలుసు. జెద్దాలో, తబూక్‌లో మనవాళ్లుండే గదుల్లో "సబ్బక్క కథ" పేరుతో ఇరవై రెండేళ్లుగా తిరుగుతోంది. కడప వైపు అక్క ఒకామె, తెల్లాయన అపురూపంగా దాచుకున్న బొమ్మరైళ్లను సబ్బు పెట్టి తోమేసిందని చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ కథను మొదట చెప్పింది నేనే. అభినయంతో సహా చెప్పేవాణ్ని. (తోమేటప్పుడు అక్క నడుముకు కొంగు ఎలా దోపుకుందో కూడా చూపించేవాణ్ని. ఆ పని చేస్తుండగా ఆమెను నేను చూడనే లేదు. చూడటానికి ఆమె చేస్తే కదా!)

మా కాంపౌండ్ చివరి విల్లాలో ఉండే ఆయన్ని మేం డీజిల్ తాత అనేవాళ్లం. ఇంగ్లండ్ మనిషి, ఇంజనీరు, అరవైకి దగ్గర పడ్డాడు, ఒంటరివాడు. ఒక గది మొత్తం నడుమెత్తు బల్లలు వేసి, వాటి మీద పట్టాలు, స్టేషను, వంతెన, సొరంగం కట్టుకున్నాడు. ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయని పిలిస్తే మొదటిసారి ఆ గదిలోకి వెళ్లి, నిచ్చెన భుజాన పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చెయ్యంత కూడా లేని ఇంజన్లు. ఒళ్లంతా నీలం, ముక్కు మాత్రం గడపకు పసుపు పూసినట్టు పసుప్పచ్చ. మీట తిప్పితే ఒకటి సొరంగంలోంచి బయటికి వచ్చింది. అప్పటికి నేను రైలెక్కింది ఒక్కసారే. సౌదీ విమానం కోసం ముంబై వెళ్లినప్పుడు, ఇంజను వెనక పెట్టెలోనే కూర్చుని, దారి పొడవునా డీజిల్ పొగ మింగాను. ఆ వాసన గుర్తొచ్చి కాబోలు, చంటిపిల్లాడిలా వంగి ఆ ఇంజను వెనక ముక్కు పెట్టి వాసన చూశాను. తాత నవ్వాడు. "నువ్వు కూడానా?" అన్నాడు.

ఆ తర్వాత ఏసీ బాగున్నా చూడటానికి వెళ్లేవాణ్ని. ఆయన చిన్నప్పుడు స్నేహితులతో ప్లాట్‌ఫారం చివర నిలబడి, వచ్చే పోయే డీజిల్ ఇంజన్ల నంబర్లు పుస్తకంలో రాసుకునేవాడట. "రాసుకుని ఏం చేసేవారు సార్?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏమీ లేదు. రాసుకునేవాళ్లం" అన్నాడు. (మా ఊరి అడ్డరోడ్డు మీద నిలబడి లారీల నంబర్లు రాసుకుంటే ఆర్టీవో మనిషి అనుకుని చాయ్ తాగించి పంపుతారు.) వాళ్ల నాన్న రైలు డ్రైవరు. బొగ్గింజన్లు పోయి డీజిల్ వచ్చినప్పుడు అందరూ ఏడిస్తే, ఆయన మాత్రం ఇంటికి తెల్లచొక్కా తెల్లగానే వస్తోందని సంబరపడ్డాడట. చలికాలం పొద్దున ఇంజను స్టార్ట్ చేస్తే స్టేషన్ కిటికీలు ఎలా అదిరేవో తాత నోటితో చేసి చూపించేవాడు. పెద్దమనిషి బుగ్గలు పూరించి "గ్ర్ర్ర్" అంటుంటే నాకు నవ్వు రాలేదు. అంత ఇష్టం మనిషికి దేని మీదైనా ఎలా పుడుతుందా అని వింతగా చూస్తుండేవాణ్ని.

ఆ వింతను నాకంటే ముందే కనిపెట్టింది అక్క. కాంపౌండ్ ఓనరు ఇంట్లో పని ఆమెది, వాళ్లాయన అదే ఇంట్లో డ్రైవరు. వారానికి రెండు రోజులు ఆమెను తాత విల్లా శుభ్రం చేయడానికి పంపేవాళ్లు. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా పని అయిపోగానే ఆమె ఆ గది గుమ్మం దగ్గర నిలబడి "తాతా, నీలం బండి!" అనేది. ఆయన "నీలం బండి, యెస్ యెస్" అంటూ ఒక్క చుట్టు తిప్పేవాడు. ఆయనకు వచ్చిన తెలుగు ఆ రెండు మాటలే. ఆ ఒక్క చుట్టు కోసం ఆమె వారమంతా ఎదురుచూసేదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

తాత నెల రోజుల సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లాడు. వేడికి పట్టాలు వంకర పోతాయని, ఆ గది ఏసీ ఆగకుండా చూడమని తాళం చెవి నాకిచ్చాడు; అక్క ఊడ్చే రోజుల్లో నేనే తలుపు తీసేవాణ్ని. మొదటిసారి తీరిగ్గా, దగ్గరగా ఆ ఇంజన్లను చూశాను. ఎంత మురికి! కప్పు మీద మసి, పక్కల గోధుమరంగు చారలు, చక్రాల దగ్గర జిడ్డు. పాపం, ముసలాయనకు చూపు ఆనడం లేదు, చెప్పేవాళ్లు లేరు అనుకున్నాను. ఏసీ గ్రిల్లు విప్పినంత జాగ్రత్తగా ఇంజన్ల పైతొడుగులు విప్పాను. షాంపూ నీళ్లు, పాత టూత్‌బ్రష్. రెండు రోజులు, ఏడు ఇంజన్లు. స్టేషన్ కప్పు మీద పావురాల రెట్టలు కనిపిస్తే గోటితో గీకేశాను. ఒక ఇంజనుకు డ్రైవరు కిటికీ కింద చిన్న జిడ్డుమరక ఎంతకీ పోలేదు. పట్టుదల వచ్చింది. దూదికి థిన్నర్ అద్ది రుద్దాను. పోయింది. ఏడింటినీ వరసగా నిలబెడితే ఏడుగురు పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. తాత వచ్చి వీపు తట్టి "శభాష్" అంటాడని రోజులు లెక్కపెట్టాను.

తాత వచ్చిన రోజు అక్క హాలు తుడుస్తోంది, నేను నిచ్చెన పట్టుకుని (అవసరం లేకపోయినా) నిలబడ్డాను. ఆయన గదిలోకి వెళ్లాడు.  లోపలికి తొంగిచూస్తే, ఒక ఇంజనును అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూలబడి ఉన్నాడు. అప్పుడు చెప్పాడు. అది పట్టిన మురికి కాదు, పూసిన మురికి. రైళ్లు నిజమైనవిగా కనిపించాలని ఆయనే సన్నని కుంచెతో, రంగుపొడులతో మూడేళ్ల పాటు ఒక్కొక్క చారా వేశాడు. ఏ ఇంజనుకు మసి ఎక్కడ పట్టేదో చిన్నప్పుడు చూసి గుర్తుపెట్టుకున్నవే అన్నీ. ఇక ఆ కిటికీ కింది మరక... వాళ్ల నాన్న ఎప్పుడూ అక్కడే మోచెయ్యి ఆనించి బయటికి చూసేవాడట.

"ఎవరు కడిగారు?" అని అడిగాడు. అరవలేదు. అరిచి ఉంటే నిజం చెప్పేవాణ్నేమో. ఉద్యోగం పీకి ఇంటికి పంపేటప్పుడు పాస్‌పోర్టులో కొట్టే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర నా కళ్ల ముందు కనిపించింది. ఆయన చూపు నన్ను దాటి అక్క చేతిలోని తడిగుడ్డ మీద ఆగింది. "ఆమెను అడుగు" అన్నాడు నాతో. వాళ్లిద్దరి మధ్య దుబాసీని నేనే మరి.

నేను అక్క వైపు తిరిగాను. "అక్కా, సార్ లేనప్పుడు నువ్వు ఈ గది ఊడ్చినవా అని అడుగుతున్నడు."

"ఊడ్చకుండా యాడికి పోతాను అబ్బీ? వారానికి రెండు మాట్లు ఊడ్చినా. మూలలు గూడా వదల్లేదని చెప్పు!"

"యెస్ అంటున్నది సార్" అన్నాను ఇంగ్లీషులో. "మూలలు కూడా వదలకుండా కడిగిందట."

"మూలలు కూడానా..." అన్నాడు తాత, ఊపిరి వదిలి. "ఇకమీదట ఈ గదిలోకి రావద్దని చెప్పు. కసురుకోకు. మెల్లగా చెప్పు."

"అక్కా, ఈ రంగుల మందు వాసన నీ పాణానికి మంచిది కాదట. ఇగ ఈ గదిల అడుగు పెట్టొద్దన్నడు."

అక్క తడిగుడ్డ కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. "నా గురించి అంత ఆలోచన జేసినావా తాతా! సల్లగుండు."

"ఎందుకు దండం పెడుతోంది?" అన్నాడు తాత కంగారుగా.

"సారీ చెబుతున్నది సార్."

తాత కళ్లు చెమర్చాయి. మంచి మనిషి, ఆమెను ఎవరూ ఏమీ అనకూడదు అన్నాడు. ముగ్గురిలో ఇద్దరు పెద్దమనసు చూపించిన ఆ ఘట్టంలో మూడోవాడు నిచ్చెన మడిచి బయటికి వచ్చేశాడు. ఆ సాయంత్రం మా గదిలో మావాళ్లు "తాత ఎందుకు దిగులుగున్నడు?" అంటే, తోమింది అక్కేనని కథ కట్టి చెప్పాను. బాగా నవ్వారు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. నెల తిరిగేసరికి ఆమె పేరు సబ్బక్క అయింది. "ఎందుకబ్బీ అట్ల పిలుస్తాండారు?" అని నన్నే అడిగింది. "నువ్వు శుభ్రంగ ఉంటవని" అన్నాను. మిగిలిన ఒక్క అబద్ధాన్ని ఎందుకు వదలాలి?

అంతకంటే అన్యాయం ఏమిటంటే, తాత నన్ను శిష్యుడిగా తీసుకున్నాడు. శుక్రవారాల్లో ఇద్దరం కూర్చుని ఇంజన్లకు మళ్లీ మురికి పూసేవాళ్లం. నీళ్లు ఎటు జారతాయో అటే తుప్పు చార దిగాలని, కొత్త మసి నల్లగా, పాత మసి బూడిదగా ఉంటుందని నేర్పాడు. కోరి మురికి చేసే పనికి అంత ఓపికేమిటో, ఆ ఓపికలో అంత ప్రశాంతత ఏమిటో చూసి ఆశ్చర్యపోయేవాణ్ని. గుమ్మం దగ్గర "నీలం బండి" అనే గొంతు మాత్రం లేదు. మోచేతి మరకను తాత మూడుసార్లు వేసి మూడుసార్లు తుడిచేశాడు. "ఇది మా నాన్నది కాదు" అన్నాడు. ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోతూ ఆ ఇంజనును, కొన్ని పట్టాలను నాకే ఇచ్చాడు. తీసుకున్నాను. నోరు మాత్రం తెరవలేదు. ఆ తర్వాత తబూక్‌లో ఒక పొలాల కంపెనీ కోల్డ్ స్టోరేజీలకు మారిపోయి, చాలా ఏళ్లకు మళ్లీ జెద్దా చేరాను.

మొన్న జెద్దా పాతబజారు బలద్‌లో దుప్పట్ల కొట్టు ముందు ఎవరో "ఏమబ్బీ, తల నెరిసిపోయిందే!" అన్నారు. అక్క! వాళ్ల పని అయిపోయిందట. పది రోజుల్లో ఫైనల్ ఎగ్జిట్, ఆ పక్క సందులోనే లాడ్జిలో ఉన్నారు. అక్కడే మెట్ల మీద కూర్చుని, ఇరవై రెండేళ్ల మాట ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి నాకిచ్చి, నేను తాగేదాకా ఆగింది.

"నాకు తెలీదనుకుంటివా? సబ్బక్క కథ నా చెవిన బడిన రోజే తెలిసె. నేనే తోమింటే రైలొక్కటే తోమి వదుల్తానా? కిందుండే పట్టాలు గూడా తోమింటాను!"

"మరి తాతకు ఎందుకు చెప్పలేదక్కా?"

"యా నోటితో చెప్పేది? ఆయప్పకాడ నా నోరు నువ్వే గదా."

సీసా మూత బిగించి ఆమె చేతికిచ్చాను.  ఆమె మాత్రం దుప్పటి బేరం ఆడుతున్నంత మామూలుగా, "అందరికీ అబద్ధం చెప్పినావు, ఇప్పుడు అందరికీ నిజం గూడా చెప్పు. ఒకరికి జెప్తే సరిపోదు" అంది. అందుకే ఇది రాస్తున్నాను. గదుల్లో ఆ కథ విని నవ్వినవాళ్లు ఎవరైనా చదువుతుంటే, దయచేసి ఇది కూడా అంతే గట్టిగా చెప్పండి.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఇంజనును, పట్టాలను, పన్నెండు వోల్టుల బ్యాటరీని తీసుకుని లాడ్జికి వెళ్లాను. అక్క వాళ్లాయన, అంటే మా బావ, సూట్‌కేసులు పక్కకు జరిపి చోటిచ్చాడు. నేల మీద పట్టాలు గుండ్రంగా కలిపాను. నీలం బండి ఒకసారి మూలిగి కదిలింది. అక్క చేతిలో సమోసా అలాగే ఉండిపోయింది. ఒక్క చుట్టు కాదు, బ్యాటరీ ఓపిక ఉన్నంతసేపూ తిరిగింది. ఆగాక చేతిలోకి తీసుకుని, అన్ని వైపులా తిప్పి చూసింది.

"ఈడొక్క తావు తళతళ అంటాందే, ఎందుకు?"

తాత వాళ్ల నాన్న మోచెయ్యి సంగతి అప్పుడు చెప్పాను. ఆమె వింటూ వింటూ, సమోసా నూనె అంటిన బొటనవేలిని సరిగ్గా ఆ కిటికీ కింద ఆనించి తీసింది. తీరా చూస్తే చిన్న జిడ్డుమరక.

"ఇప్పుడు పిలువు నన్ను సబ్బక్కా అని" అంది. బావతో సహా ముగ్గురం పడీపడీ నవ్వాం.

ఆ ఇంజను ఇప్పుడు నా మంచం పక్కన అల్మారా మీద ఉంది. చుట్టూ తుడుస్తాను గానీ దాన్ని ముట్టుకోను. ఫోర్‌మన్ చాచా ఉండి ఉంటే ఆ మరక ముందు వేలు పెట్టి "యే క్యా హై?" అనేవాడు. అప్పటి ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి జవాబు చెప్పే ధైర్యం లేకపోయింది. నాకు కాస్త ఆలస్యంగా వచ్చింది, ఇంత పొడుగు జవాబుగా.