కీబోర్డు మీద కుంకుమ

హైదరాబాద్ చుట్టూ కంప్యూటర్ ఉద్యోగాలు పుట్టుకొస్తున్న రోజులవి. ఇబ్రహీంపట్నంలో ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని నేను. ఖాళీ దొరికితే ఇంటర్నెట్‌లో ఒక తెలుగు చర్చావేదికలో మారుపేరుతో వాదనలకు దిగేదాన్ని.

"యాభై దాటినవాళ్లకు కంప్యూటర్ నేర్పడం దండగ" అని ఒకరోజు రాశాను. రుజువుగా మా గుమాస్తా యాదగిరి సారు సంగతి, పేరు చెప్పకుండా చేర్చాను: "దసరా ఆయుధపూజలో కీబోర్డు మీద కుంకుమ పోసి పాడుచేశాడు." సారు లేనప్పుడు ఆఫీసులో చదివి వినిపిస్తే అందరూ తెగ నవ్వారు.

రెండు రోజులకు వేదికలో ఒక కొత్త పేరుతో జవాబు వచ్చింది.

"గా కుంకుమ పోసింది నేనే బిడ్డా. తప్పయింది. గీ నాలుగు ముక్కలు కొట్టనీకి హయత్‌నగర్ నెట్ సెంటర్ల రెండు గంటలు కూసున్న. జర నువ్వే నేర్పరాదూ."

ఆ రోజు నవ్వినవాళ్లలోనే ఎవరో సారుకు చెప్పేసి ఉంటారు. ఎదుటి బల్ల దగ్గర సారు ఏమీ ఎరగనట్టు ఫైలు తిప్పుతున్నారు.

నా పక్కన ఇంకో కుర్చీ వేసి, "సారూ, రండి" అన్నాను.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి, రెండు అరచేతులూ నా ముందు చాపారు. "సూడు బిడ్డా, కుంకుమ లేదు."

ఏడాది తిరిగేసరికి ఆఫీసు ఉత్తరాలన్నీ ఆయనే టైపు చేసేవారు. వాదించడం నేనింకా మానలేదు. కాకపోతే ఎవరితో వాదించినా, ఆ మనిషి నా ఎదుటి బల్ల దగ్గరే కూర్చున్నాడనుకుని రాస్తాను.