ముసుగు ముందు మాస్టారు

మా పక్కింటి మాస్టారు పోయిన సంగతి నాకు అవనిగడ్డ బస్సు కండక్టరు చెప్పాడు. బందరు బస్టాండులో నన్ను చూసి బస్సు దిగొచ్చాడు. "మీ ఆఫ్రికా మాస్టారు నిన్న సాయంత్రం పోయారండీ, చల్లపల్లిలో వాళ్ళక్కగారింట్లో. మీకు చెప్పమన్నారు" అన్నాడు. అదే బస్సెక్కాను. సమాధుల దగ్గర పాతికమందిమి ఉన్నాం.

ఆయన మా ఊరి హైస్కూల్లో జాగ్రఫీ చెప్పేవారు. అంతకు ముందు ఆరేళ్ళు ఉత్తర రొడీషియాలో మిషను స్కూల్లో పనిచేశారు. ఈ మధ్య స్వాతంత్ర్యం వచ్చి జాంబియా అయింది, ఆ దేశమే. అక్కడి నుంచి ఉన్నట్టుండి వచ్చేశారు. కారణం అడిగితే, "వచ్చేశానండీ" అని ఊరుకునేవారు. ఏదో తప్పు చేస్తే పంపేశారని ఊళ్ళో అనుకున్నారు. చర్చి కమిటీలోకి ఆయన్ని తీసుకోలేదు.

మా అమ్మాయి ఆయన దగ్గర చదివింది. "సింహాన్ని చూశారా మాస్టారూ?" అని ఎవరో అడిగితే, "చూశానమ్మా, నీకంటే బుద్ధిగా కూర్చుంది" అన్నారట. ఆఫ్రికా పాఠంలో నదుల కంటే ముందు ఆటలు చెప్పేవారు. జబ్బుపడిన మనిషి కోసం డోలు వాయించి, ఆ మనిషి చేతే ఆడించేది ఒకటి. పిల్ల పెద్దమనిషయితే ఆడవాళ్ళు మాత్రమే ఆడేది ఇంకొకటి. చేవా జాతివాళ్ళలో చావుకు ముసుగుల ఆట. "అది మనం కూర్చుని చూడ్డానికి కాదర్రా, దానికో పనుంది" అనేవారు.

మా వీధిలోకి పగటివేషాల వాళ్ళు వస్తే ఆయన అరుగు మీద కదలకుండా కూర్చునేవారు. "ఆ రంగు కింద ఎవరో పోల్చారా మాస్టారూ?" అని ఒకసారి అడిగాను. "వేషం విప్పాక అడగండి" అన్నారు.

వచ్చేసిన కారణం పోయిన వానాకాలం ఆయనంతట ఆయనే చెప్పారు. నేను పేపరుకు వార్తలు రాస్తానని తెలిసే, "నేను పోయాక రాసుకోండి" అన్నారు.

అక్కడి స్కూల్లో నీళ్ళు మోసే ఆవిడ తల్లి చనిపోయింది. మాస్టారు పలకరించడానికి వెళ్ళారు. ముసుగు తొడుక్కున్నవాళ్ళు వచ్చి ఆడుతున్నారు. ఒకరి నడక చూసి ఆయన పోల్చుకున్నారు. స్కూలు పక్కనే ఉండే స్నేహితుడు. మన వీధినాటకాల్లో వేషం నచ్చితే రూపాయి చదివించి, వేషగాణ్ణి పేరు పెట్టి మెచ్చుకుంటాం కదా. ఈయనా అదే చేశారు. నాణెం తీసుకుని ముందుకు వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, "భలే!" అన్నారు.

డోళ్ళు ఆగిపోయాయి. చనిపోయినావిడ కూతురు నేల మీద కూలబడింది. ఊరి పెద్ద మాస్టారి దగ్గరికి వచ్చాడు. "మేం మా పూర్వీకుణ్ణి పిలిచాం. నువ్వు ఒక మనిషిని నిలబెట్టావు. ఇక చనిపోయినావిణ్ణి ఎవరు తీసుకెళ్తారు?" అన్నాడు.

ఆ కూతురు తరవాత కూడా స్కూలుకు నీళ్ళు తెచ్చేది గానీ ఎవరితోనూ మాట్లాడేది కాదు. తల్లి ఇంటి చుట్టూనే తిరుగుతోందని ఆమె భయం. పంటలయ్యాక మళ్ళీ ఆట పెడతామని, మాస్టారు వచ్చి అందరి ముందూ కూర్చోవాలని ఊరి పెద్ద కబురు చేశాడు. ఇంకోసారి ముసుగుల ఆటకు వెళ్తే ఉద్యోగం ఉండదని మిషను అంతకు ముందే చెప్పి ఉంది.

మాస్టారు వెళ్ళారు. అదే ముసుగు ఆయన ముందుకు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చి నిలబడింది. "ఎవరొచ్చారు?" అని ఊరి పెద్ద అడిగాడు.

"మీ పూర్వీకుడు వచ్చారు" అన్నారు మాస్టారు. డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

మూడో రోజు మిషనువాళ్ళు పిలిచి, "వెళ్ళావా?" అని అడిగారు. "వెళ్ళానండి" అన్నారు. అంతే.

"మీరు చర్చికి వెళ్ళే మనిషి. అది అబద్ధం కాదా మాస్టారూ?" అని అడిగాను.

"కోర్టులో అడిగితే వేరే మాటండీ. ఆ వాకిట్లో అది అబద్ధం కాదు."

"ఇంతకీ ఆ ముసుగు వేసుకున్న స్నేహితుడి పేరు?"

"అక్కడ ఒకసారి చెప్పాను కదండీ, చాలదా?"

"పేరు లేకపోతే వార్త ఎలా అవుతుందండీ?"

"అవకపోతే మానెయ్యండి" అని మాస్టారు నవ్వారు.

ముప్పయ్యేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. పేరు లేకుండా రాస్తున్నది ఇదొక్కటే. ఆయన్ని ఎందుకు పంపేశారో మా ఊరికి తెలియాలని రాస్తున్నాను.

ఆయన ట్రంకుపెట్టెతో లారీ ఎక్కి వచ్చేసిన రోజు సంగతి కూడా చెప్పారు. అక్కడ దుఃఖం తీరాక తల గొరిగించుకుంటారట. లారీ ఊరి చివర మొక్కజొన్న చేల పక్క నుంచి వెళ్తుంటే ఆ కూతురు కనిపించింది. కొత్తగా గొరిగించుకున్న తల ఎండలో మెరుస్తోంది. పక్కనున్నావిడ ఏదో అంటే, పార మీద చేతులు ఆనించి గట్టిగా నవ్వుతోంది. లారీ వైపు చూడలేదట.