ముందే తీర్చిన మొక్కు

డెబ్బైల చివర్లో విశాఖ పోర్టులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే మచిలీపట్నం నుంచి వెళ్లాను. ముందురోజు పొద్దున్నే సింహాచలం కొండెక్కుతూ, ఉద్యోగం వస్తే మళ్లీ వచ్చి మెట్టు మెట్టుకూ పసుపు రాస్తానని అప్పన్నకు మొక్కుకున్నాను.

నాలుగు మెట్ల పైన ఒకావిడ వంగి అదే పని చేస్తోంది. మోచేతుల దాకా పసుపే.

"ఏ కోరిక తీరిందమ్మా?" అన్నాను.

"ఇంకా తీరనేదు బాబూ. మాది బీమిలి. మా ఇంటోడు సేపల ఏటకెల్లి నాలుగు రోజులైంది. గాలివాన ఎలిసినా తెప్ప రానేదు."

మా వైపు కోరిక తీరాకే మొక్కు చెల్లిస్తామని మెల్లగా అన్నాను.

ఆవిడ నడుం నిటారుగా చేసి నిలబడింది. దిగులు లేక కాదు, దాన్ని నాకు చూపించదల్చుకోలేదు.

"ఆడొచ్చాక నాకు తీరికెక్కడిది? కూడొండాలి, సిరిగిన వలలు బాగుసెయ్యాలి. మా అప్పన్న తెచ్చీత్తాడు. అందుకే ముందే వచ్చీసినాను."

అంత ధీమాగా దేవుణ్ణి 'మా' అన్నవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. సిగ్గుపడుతూనే నా మొక్కు సంగతి చెప్పాను.

ఆవిడ మొదటిసారి నవ్వింది. గిన్నెలోంచి గుప్పెడు పసుపు తీసి నా చేతిలో పోసింది.

"మరి ఉజ్జోగమొచ్చాక నీకు మాత్తరం తీరికుంటాదేటి? ఇంద, వంగు."