బెలూన్ బిగుతుగానే ఉంది

పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నేను కొత్తగా చేరిన రోజులవి. అక్కడ వాడే సమేరియం అయోడైడ్ ద్రావణం ముదురు నీలంగా ఉంటుంది. గాలి సోకితే పసుపుగా మారి పాడవుతుంది. దాని పని, అంటే రసాయన చర్య, పూర్తయినా పసుపే అవుతుంది. గాలి చొరబడకుండా ఫ్లాస్కు మీద నైట్రోజన్ బెలూన్ కడతాం. అది బిగుతుగా ఉన్నంతసేపూ భయం లేదు.

ఆ రోజు మా సీనియర్ సంధ్యక్క ఫ్లాస్కులో నీలం పోయి పసుపైంది. మేనేజర్ అందరి ముందే ఆమెను తిట్టడం మొదలుపెట్టారు.

"గాలి జొరబడ్డది. ఎంత పిరమైన సరుకో తెల్వదా? రేపట్నుంచి రాకు."

అక్క ముఖం పాలిపోయింది. పొద్దున్నుంచీ ఆ ఫ్లాస్కు పక్కన నిలబడ్డది నేనే. చెయ్యి బెలూన్ మీదికి వెళ్లింది.

"బిగుతుగానే ఉంది సార్. ఒకసారి నొక్కి చూడండి."

ఆయన నొక్కి చూశారు. పరీక్ష చేయించారు. పని పూర్తయిందని తేలింది. "సరే, కానియ్యిండ్రి" అని వెళ్లిపోయారు.

అక్క కళ్లు తుడుచుకుంటూ, "నీకు నోరున్నదా పిల్లా?" అంది. నవ్వలేకపోయాను. బెలూన్ ముడి మరోసారి సరిచూసుకున్నాను.

అప్పటిదాకా ఏ మాటైనా పైకి అనక, రాత్రి డైరీలోనే రాసుకునేదాన్ని. ఆ మాటా రాత్రికి దాచుకుని ఉంటే, అప్పటికే అక్క గేటు దాటి పోయేది.