భుజానికీ చెవికీ మధ్య వెర్నా

వెర్నా టోలెఫ్సన్ బతుకులో సగం బడి బస్సు నడపడంలోనే గడిచింది. మోంటానాలో మా వైపు బడి బస్సంటే చలికాలం మంచులో, వసంతంలో బురదలో నడపాలి. వెనక సీట్లో జుట్లు పట్టుకునే పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపుతో ఆపాలి. రిటైరయ్యాక కూడా ఆ చూపు ఆమెను వదల్లేదు. అందుకే మా రైఫిల్ క్లబ్బు పోటీలు నడిపే పని ఎవరూ నెత్తినేసుకోని ఏడాది అందరూ ఆమె వైపే చూశారు.

"మీలో ఒక్కరూ కదలరని నాకు ముందే తెలుసు" అంది వెర్నా. అంతే, ఆ రోజు నుంచి పెత్తనం ఆమెదే.

మావి పెద్ద పోటీలేం కావు. నెలకో శనివారం గోధుమ చేల అవతల, కొండవాలుకు ఎదురుగా బోర్లా పడుకుని దూరాన ఉన్న పలకల మీద కాలుస్తాం. సగం మంది ఇక్కడ కాలుస్తుంటే మిగతా సగం అక్కడ పలకల కింద లోతైన కందకంలో ఉండి తూటా ఎక్కడ పడిందో చూపిస్తారు. తర్వాత వాళ్లిటు, వీళ్లటు. మధ్యాహ్నం అందరం రేకుల షెడ్డులో కూర్చుని వెర్నా వండుకొచ్చిన చిల్లీ, అదే మాంసమూ చిక్కుడు గింజలూ వేసిన కారపు కూర తిని, ఒకరి గురిని ఒకరు వెక్కిరించుకుని ఇళ్లకు పోతాం.

మాలో గురి బాగా కుదిరినవాడు ఆరిన్. వెర్నాకు సొంత అన్న. గోధుమ రైతు. ముక్కుసూటి మనిషి, మాటలు తక్కువ.

ఆ వసంతంలో గ్యారెట్ నోవాక్ అని ఒకతను కొత్తగా చేరాడు. గొర్రెల బొచ్చు కత్తిరించడం అతని పని. తలుపులో నిలబడితే వెలుతురు రాదు, గొంతు మాత్రం చిన్నపిల్లాడికి జోల పాడుతున్నట్టుండేది. ఏళ్ల తరబడి గొర్రెల్ని పట్టి వంచీ వంచీ కుడి భుజం పాడైంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక తుపాకీ సంగతి మర్చిపొమ్మన్నాడట. మర్చిపోవడం అతని వల్ల కాలేదు. రైఫిలు గొట్టం చివర పక్కల రంధ్రాలున్న లోహపు తొడుగు ఒకటి బిగించుకున్నాడు. దాన్ని మేం బ్రేకు అంటాం. అది ఉంటే తుపాకీ భుజాన్ని తన్నదు, ఊరికే తోస్తుంది. కాకపోతే ముందుకు పోవాల్సిన పొగా మోతా ఆ రంధ్రాల్లోంచి రెండు పక్కలకీ చిమ్ముతాయి. కాల్చేవాడికి హాయి, పక్కవాడికి నరకం.

మొదటి రోజు ఆ పక్కవాడు ఆరిన్. గ్యారెట్ మొదటి గుండు పేల్చగానే ఆరిన్ టోపీ ఎగిరిపోయింది, మొహం నిండా దుమ్ము. పక్కన నిలబెట్టుకున్న దుర్భిణి దాని మూడు కాళ్ల మీద ఊగింది. ఆ రోజు ఆరిన్ పలక చూస్తే కోళ్లు కెలికిన పెరడులా ఉంది.

చిల్లీ దగ్గర గొడవ మొదలైంది. మాట మొదట ఎత్తింది లైల్. ఎక్కడ పంచాయితీ ఉంటే అక్కడ ముందు వరుసలో ఉండే మనిషి.

"పెద్ద పోటీల్లో కొన్నింట్లో ఆ బ్రేకుల్ని గేటు కూడా దాటనివ్వరు. మనమేం తక్కువ తిన్నామా?"

"మనం తినేది నా చేతి వంట, లైల్. పెద్ద పోటీల్లో అది దొరకదు" అంది వెర్నా.

గ్యారెట్ పళ్లెం పక్కన పెట్టి లేచాడు. "నా వల్ల మీలో మీకు గొడవెందుకండీ. నేను వెళతాను."

"కూర్చో. వెళ్లమని నేనన్నానా? ముందు తిను" అంది వెర్నా.

తర్వాతి నెల వెర్నా అతన్ని వరుసలో ఆ చివరకు పంపింది. మధ్యలో కొంత జాగా ఖాళీగా వదిలి, తుపాకీ మూతి దగ్గర గడ్డి మోపులు పేర్చింది, కింద తడిపిన పాత తివాచీ పరిచింది. దుమ్ము ఆగింది. మోత కొంత తగ్గింది. ఇక తేలిపోయిందనుకుంది.

తేలలేదు. గ్యారెట్ మార్కులు నెలనెలా దిగజారుతుంటే ఆమెకు అనుమానమొచ్చింది. ఒకరోజు అందరూ వెళ్లాక పోయి అతని చోట తనే బోర్లా పడుకుంది. నేల వాగు వైపు వాలి ఉంది, మోచేయి నిలవదు. పైగా పేర్చిన మోపుల వల్ల గాలి ఎటు వీస్తోందో చూపే జెండాల్లో సగం కనపడవు. మర్నాడే గ్యారెట్‌కు ఫోన్ చేసింది.

"అదేం చోటయ్యా, ఆవు కూడా పడుకోదక్కడ. ఒక్క మాట చెప్పొద్దూ?"

"ఉండనిచ్చారు, అదే చాలనుకున్నానండీ."

ఆ మాట వెర్నాకు గుచ్చుకుంది. ఉండనివ్వడం వేరు, సమంగా ఆడనివ్వడం వేరు కదా అని నాతో చాలాసార్లు అంది. ఆ వారమే మట్టి తోలించి ఆ చోటు చదును చేయించింది. మోపులు ఒక వరుస తగ్గించింది. ఈలోగా ట్రూడీ అని తపాలా పంచే ఆమె కూడా మణికట్టు నొప్పికి బ్రేకు పెట్టించుకుంది. ఇంకో ఇద్దరు ఆలోచిస్తున్నారు.

అప్పుడు ఆరిన్ రావడం మానేశాడు.

ఒక నెల చూసింది, రెండో నెల చూసింది. మూడో నెల కోపం పట్టలేక ట్రక్కు తీసుకుని అన్న పొలానికి వెళ్లింది. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకుంటూనే ఉంది. చిన్నప్పట్నుంచీ నీ మొండితనం ఇంతే అనాలనుకుంది.

ఆరిన్ విత్తనాల యంత్రం దగ్గర వంగి ఏదో బిగిస్తున్నాడు. ట్రక్కు వెనకే ఆగినా తిరగలేదు. "అన్నా" అంది. తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. చివరకు వెళ్లి వీపు మీద చెయ్యేస్తే ఉలిక్కిపడ్డాడు.

"నువ్వెప్పుడొచ్చావే?"

కూర్చుకొచ్చిన మాటలన్నీ పక్కన పెట్టేసింది. "నీకు నిజంగానే వినపడలేదా?"

ఆరిన్ గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. "ఎడమది ఎప్పుడో పోయింది. కోత యంత్రాల్లో నడిపేవాడికి అద్దాల గది లేని రోజుల్లో పగలంతా ఆ రొదలోనేగా ఉండేది. కుడిదాంట్లో పొద్దస్తమానం కెటిల్ కూత. ఆ గొర్రెలాయన పక్కన పడుకున్నాక వారం దాకా తగ్గలేదు. చెవుల్లో బిరడాలు పెట్టుకున్నా అంతే. ఈ ఒక్కటీ పోతే మనవరాలు ఫోన్లో ఏం చెబుతోందో కూడా తెలీదు నాకు."

"ఈ మాట ఆ రోజే చెప్పొచ్చుగా."

"లైల్ ముందా?"

వెర్నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇన్నాళ్లూ తను ఒక్క భుజం సంగతే చూసింది. సొంత అన్న చెవి గురించి ఆమెకు తట్టనే లేదు.

"అతని భుజాన్ని గొర్రెలు తిన్నాయి, నీ చెవిని గోధుమలు తిన్నాయి. ఎవర్ని పొమ్మనను నేను?" అంది.

"నన్నడుగుతావేం? పెత్తనం నీదిగా" అన్నాడు ఆరిన్. అయినా ఆ సాయంత్రం కాఫీ బల్ల మీద చెంచాల్నీ ఉప్పు డబ్బానీ వరుసగా పెట్టి, అన్నాచెల్లెళ్లిద్దరూ ఎవరెక్కడ పడుకోవాలో జరిపి జరిపి చూశారు.

అక్కడ కుదిరిన పద్ధతే ఇప్పటికీ మాది. బ్రేకులవాళ్లంతా ఒక జట్టుగా కాలుస్తారు. మోత పడనివాళ్లు ఆ సమయానికి కందకంలో, తుపాకీ మూతులకు దూరంగా ఉంటారు. రెండు జట్లూ సమానం కావడానికి చెవులు బాగున్న కొందరు బ్రేకుల జట్టులో కలుస్తారు, వాళ్లలో వెర్నా మొదటిది. వరుసలో ఎవరైనా సరే, చెవుల్లో బిరడాలూ వాటి పైన చెవుల్ని మూసే కప్పులూ ఉండాల్సిందే.

కానీ ట్రూడీ ఊరుకోలేదు. "పొద్దుటి నెమ్మదంతా వాళ్లకీ, పదింటికి లేచే గాలి మాకూనా?"

"నిజమే" అంది వెర్నా. అక్కడికక్కడే ఒక నెల వాళ్లు ముందు, ఒక నెల వీళ్లు ముందు అని తేల్చేసింది. లైల్ మాత్రం ఇదంతా చాదస్తమని పక్క కౌంటీ క్లబ్బుకు వెళ్లిపోయాడు. వెర్నా వాళ్లింటికి రెండుసార్లు వెళ్లి పిలిచింది. రాలేదు. ఆ బాధ ఆమెకు ఇప్పటికీ ఉంది.

ఆరిన్ అక్టోబరులో వచ్చాడు. తన వంతు కాల్చి, కందకంలోకి దిగి, ఎవరూ చెప్పకుండానే గ్యారెట్ పలక దగ్గర నిలబడ్డాడు. నేను పక్క పలక దగ్గరున్నాను. కాసేపటికి వాకీటాకీ నోటికి పెట్టుకుని, "ఆ గొర్రెలాయనకు చెప్పు, ఎడమకు పోతున్నాడు, గాలి చూసుకోమను" అన్నాడు.

వెంటనే వెర్నా గొంతు. "అన్నా, పోటీలో సలహాలివ్వకూడదు. ఇంకోసారి నోరు తెరిస్తే నీ మార్కులు కోస్తాను."

కందకంలో అందరం పడీ పడీ నవ్వాం. ఏమన్నదని ఆరిన్ కుడి చెవి నా వైపు తిప్పితే నేనే మళ్లీ చెప్పాల్సొచ్చింది.

మరుసటి వసంతంలో గొర్రెలు ఈనే రోజుల్లో ఒక శనివారం మనుషులే రాలేదు. ఒక్క జట్టుకు సరిపడా ఉన్నామంతే. బ్రేకుతో వచ్చింది గ్యారెట్ ఒక్కడే, అదీ రాత్రంతా గొర్రెల కొట్టంలో మేలుకుని. "మీరు కాల్చండి, నేను పలకలు చూస్తాను. ఈ నెలకు నాకొద్దులెండి" అన్నాడు.

వెర్నా ఏదో అనబోయేలోగా ఆరిన్ కోటు గుండీలు పెట్టుకుంటూ లేచాడు. "ముందు నువ్వే కాల్చు. మేమందరం కందకంలోకి పోతాం. పదండి, పదండి."

గాలికి వణుకుతూ అంతా ఆ ఒక్క మనిషి కోసం నడిచివెళ్లాం. వరుసంతా ఖాళీ, గ్యారెట్, అతని పక్కన వెర్నా. అతనంత బాగా కాల్చడం అంతకుముందు చూడలేదు. తిరిగొచ్చాక ఆరిన్ అతన్ని కింది నుంచి పైకి చూసి, "చివరి రెండు గుళ్లూ ఏమయ్యాయోయ్? నిద్రపోయావా?" అన్నాడు. గ్యారెట్ తల దించుకుని నవ్వాడు. నిజంగానే నిద్రమొహంతో ఉన్నాడు పాపం.

ఇప్పుడు మా క్లబ్బుకు భుజాలు పోయినవాళ్లూ చెవులు మందగించినవాళ్లూ ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మొన్న లైల్ చేరిన క్లబ్బు వాళ్లే వెర్నాకు ఫోన్ చేశారు. అక్కడా ఇదే గొడవట, మీరెలా సర్దుకున్నారని అడిగారు.

"ఫోన్లో చెబితే తెలియదు. శనివారం రండి, వరుసలో ప్రతి చోటా ఒకసారి పడుకుని చూడండి" అంది వెర్నా. "వచ్చేటప్పుడు లైల్‌ని కూడా తీసుకురండి. చిల్లీ ఎక్కువే వండుతాను."