కంప్యూటర్‌లోని పత్తాలు

మా చర్చి సంఘం బడికి మొదట ఒకే కంప్యూటర్ వచ్చింది. నిజామాబాద్‌లో కోర్సు చేసి బోధన్‌కు తిరిగొచ్చిన నాకే దాన్ని అప్పగించారు. సాయంత్రాలు బాపును వెంట తీసుకెళ్లేదాన్ని. చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలెత్తిన ఆయన కుడిచేయి పక్షవాతం వచ్చాక పిడికిలిలా ముడుచుకుపోయింది. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి, పాస్టరు గారిచ్చే రొట్టెను ఎడమచేత్తో అందుకోవాల్సి రావడం ఆయన్ను లోపల కోసేది.

"ఒక్కసారన్న కుడిచేత్తోటి తీసుకుంటే సాలు బిడ్డా," అనేవాడు.

కంప్యూటర్‌తో పాటే వచ్చిన పత్తాల ఆటలో, అదే పేకాటలో, ఆయనకు ఆ చేత్తోనే మౌస్ పట్టించాను. నల్ల రాణిని ఎర్ర రాజు మీదికి జరపాలంటే వేలు నొక్కిపట్టి లాగాలి. మొదట్లో ముక్క సగం దారిలోనే జారిపోయేది.

"గీ రాణి నా మాట ఇనదు. మీ అవ్వ లెక్కనే," అని అమ్మ మీద పెట్టి నవ్వేవాడు.

వానాకాలం గడిచేసరికి వేళ్లు కొంచెం తెరుచుకున్నాయి. క్రిస్మస్‌నాటి రొట్టె కుడిచేత్తోనే అనుకున్నాం.

ఈలోగా మిగతా కంప్యూటర్లు వచ్చాయి. మొదటిదాన్ని శుభ్రం చేసి, దాని నకలును అన్నిటిలోకీ ఎక్కించాలి. ఇందులో ఏముంటే వాటన్నిటిలోనూ అదే ఉంటుంది. బైబిల్లో యూదులు పస్కా పండుగకు ముందు ఇల్లంతా వెదికి పులిపిండి తీసేసినట్టు, కంపెనీవాళ్లు పెట్టి పంపిన అక్కరలేని ప్రోగ్రాములను ఒక్కొక్కటే తీస్తున్నాను. మధ్యలో బాపు కాసేపు ఆడుతుంటే, చూడ్డానికి వచ్చిన సంఘ పెద్ద ఆయన వెనక ఆగాడు.

"ఏందన్నా, ఫ్యాక్టరీ క్వార్టర్లల్ల మా పత్తాలు గుంజి పొయ్యిల ఏసినోడివి. ఇప్పుడు నువ్వే ఆడవట్టినవా?"

ఎగతాళికే అన్నాడు. బాపు మాత్రం మౌస్ మీంచి చేయి తీశాడు.

"దీన్ని గూడ తీసెయ్ బిడ్డా."

"నకలు తీసినంక ఈ ఒక్కదాంట్ల మల్ల పెడ్త బాపు."

"పిల్లలకు వద్దన్నది నాకెట్ల పనికొస్తది?"

తీసేశాను. బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచిచ్చాను. రెండు గీతలు గీసి లేచాడు. ఆ తర్వాత రాలేదు. ఇంట్లో రబ్బరు బంతి ఇస్తే ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. చలికాలానికి వేళ్లు మళ్లీ మూసుకున్నాయి.

ఆయన చేసింది తప్పని నేనెన్నడూ అనుకోలేదు. ఆ చేతిని ఎందుకు బాగుచేయలేదని మాత్రం ప్రార్థనలో దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతాను.

క్రిస్మస్‌నాడు బల్ల దగ్గర ఆయన పక్కనే మోకరించాను. పాస్టరు గారు ముందుకు రాగానే బాపు కుడిచేయి చాచాడు. పిడికిలి విడలేదు. పాస్టరు గారు రొట్టె పట్టుకుని ఆగారు. బాపు తలవంచి ఎడమచేయి పైకెత్తాడు.