ఉదాహరణ నేనే సార్

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న రోజులవి. నా రూమ్మేట్ స్రవంతి మొహాన్ని ఎవరో అసభ్యమైన ఫొటోకు అతికించి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నేనైతే బ్యాగు సర్దుకుని ఊరెళ్లిపోయేదాన్ని. తను మాత్రం మర్నాడు క్లాసుకొచ్చి ముందు బెంచీలో కూర్చుంది. వెనక నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

ఆ రోజు పాఠం మహిళల రక్షణ చట్టాలు. సార్ ఉదాహరణ అడగ్గానే స్రవంతి లేచింది.

"నేనే సార్. నా ఫొటో మార్చి పెట్టిండ్రు. పొద్దుగాల్నే కంప్లైంట్ ఇచ్చొచ్చిన. ఫార్వర్డ్ చేసినోళ్ల మీద గూడ కేసు అయితదా?"

"అయితదమ్మా," అన్నారు సార్.

వెనక బెంచీల్లో గబగబా ఫోన్లు బయటికొచ్చాయి.

"ఇప్పుడు డిలీట్ చేస్తే ఫాయిదా లేదన్నా. స్క్రీన్‌షాట్లు పోలీసోళ్ల తాన ఉన్నయ్," అంది స్రవంతి, వెనక్కి తిరగకుండానే.

ఆ చట్టాన్ని నేను మార్కుల కోసం బట్టీ పట్టాను. అది పనిచేయడం మాత్రం ఆ రోజే చూశాను.